ఐదు దేశాలు తిరిగొచ్చాక ఏది నచ్చిందో తేల్చుకున్న తీరు: నా అనుభవం

మొన్న శనివారం రాత్రి మేమిద్దరం కూర్చుని ఈ లెక్క తేల్చేశాం. తేలేసరికి తెల్లారబోయింది. మధ్యలో ఒకసారి మాటలు కూడా మానేశాం. ఆ వేడి మీదుండగానే రాస్తున్నాను.

ముందు మేం వెళ్ళిన దారి. బెంగళూరు నుంచి బ్యాంకాక్‌కి విమానం. అక్కడి నుంచి అంతా రైళ్ళు, బస్సులు, పడవలే. ఉత్తర థాయ్‌లాండ్ మీదుగా లావోస్, అటునుంచి వియత్నాం, హనోయ్ నుంచి సైగాన్ దాకా, తర్వాత కంబోడియా, మళ్ళీ థాయ్‌లాండ్, చివరికి మలేసియా. కౌలాలంపూర్‌లో విమానం ఎక్కి ఇంటికి. ఇద్దరిదీ ఐటీ ఉద్యోగమే. మా ఆయన జీతం లేని సెలవు పెట్టారు, నేను ఉద్యోగమే మానేసి బయల్దేరాను. ఎందుకు మానేశానో అది ఇంకో రోజు రాస్తాను.

వీసాల పని మొత్తం నేనే చూసుకున్నాను. ఇక్కడి ఏజెంట్ అడిగిన డబ్బులో పావు వంతు కూడా నాకు ఖర్చు కాలేదని గట్టిగానే చెప్పుకుంటాను. వియత్నాం ఈ-వీసా 25 డాలర్లు, 2023 ఆగస్టు నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. ఏ సరిహద్దులో లోపలికి వెళ్తారో, ఎక్కడ బయటికొస్తారో దరఖాస్తులోనే ఎంచుకోవాలి, కాబట్టి దారి ముందే ఖాయం చేసుకోండి. మలేసియాకి 2023 డిసెంబరు నుంచి మనకి వీసా అక్కర్లేదు, అరైవల్ కార్డు ఒకటి ఆన్‌లైన్‌లో నింపితే చాలు. ఈ రూల్స్ మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు ఆయా ప్రభుత్వాల సైట్లలోనే చూసుకోండి, యూట్యూబ్ వీడియోలు నమ్మి వెళ్ళకండి.

సరిహద్దులు చాలావరకు ఇట్టే దాటేశాం. థాయ్‌లాండ్ నుంచి లావోస్‌కి దాటే చియాంగ్ ఖోంగ్ దగ్గర మెకాంగ్ నది మీద వంతెన ఉంది, ఇటు ఒక ముద్ర, అటు ఒక ముద్ర, అంతే. పడాంగ్ బెసార్‌లో అయితే థాయ్‌లాండ్, మలేసియా కౌంటర్లు రెండూ ఒకే రైల్వే స్టేషన్లో ఉంటాయి.

ఒక్కచోట మాత్రం మాకు నరకం చూపించారు. ఏ దేశమో, ఏ చెక్‌పోస్టో రాయను.

మా వ్యానులో మాతోపాటు వచ్చినవాళ్ళంతా యూరప్ వాళ్ళు. వాళ్ళ పాస్‌పోర్టుల మీద టకటకా ముద్రలు పడిపోయాయి. మా రెండింటినీ మాత్రం కౌంటర్లో అతను విడిగా తీసి పక్కన పెట్టాడు. గోడ వారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు చూపించి కూర్చోమన్నాడు. కాసేపటికి ఇంకో అధికారి వచ్చి లోపలికి పిలిచాడు. మొదట డబ్బు చూపించమన్నాడు. నేను కవరు తెరిచి చూపించబోతే, తనే లాక్కుని, బల్ల మీద ఒక్కో నోటూ పరిచి లెక్కపెట్టాడు. తలుపు బార్లా తీసే ఉంది. బయట లైన్లో ఉన్నవాళ్ళందరూ చూస్తున్నారు. మూల నలిగిన నోటు ఒకటి కనిపిస్తే దాన్ని ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. సరే, అది అతని పని అనుకుని ఓర్చుకున్నాను. రిటర్న్ టికెట్లు, హోటల్ బుకింగులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అడిగాడు. అన్నీ ప్రింట్లు తీసి ఫైల్లో పెట్టుకున్నాను, అడిగిందల్లా తీసి ఇచ్చాను.

అప్పుడు రెండు పాస్‌పోర్టులూ పక్కపక్కన పెట్టి, మీరిద్దరూ ఏమవుతారని అడిగాడు. భార్యాభర్తలం అన్నాం. మరి ఇంటిపేర్లు వేరేగా ఉన్నాయేంటన్నాడు. పెళ్ళయ్యాక నేను ఇంటిపేరు మార్చుకోలేదు. పదో తరగతి సర్టిఫికెట్ నుంచి పాన్ కార్డు దాకా అన్నింట్లోనూ మా నాన్నగారి ఇంటిపేరే ఉంటుంది. ఇకముందు కూడా మార్చుకోను. మా ఆయన పాస్‌పోర్టు చివరి పేజీలో భార్య పేరు అన్నచోట నా పేరు అచ్చయి ఉంది. ఆయన ఆ పేజీ తీసి చూపించారు. అతను దానివంక కన్నెత్తి చూడలేదు. ఫోన్లో పెళ్ళి ఫోటోలు చూపించాం. పెదవి విరిచాడు. చివరికి చున్నీ కిందనుంచి నల్లపూసలు బయటికి తీసి చూపించాను. అవేమిటో అతనికి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కానీ నా మెడలో ఉన్నదాన్ని సాక్ష్యంగా ఒక పరాయివాడికి ఎత్తి చూపించాల్సిన గతి నాకెందుకు పట్టాలి? ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

తర్వాత ఆయన్ని వేరే గదిలోకి తీసుకెళ్ళారు. ఇద్దరినీ విడివిడిగా ఒకే ప్రశ్నలు. నిన్న రాత్రి ఏం తిన్నారు? మీ అత్తగారి పేరేంటి? పెళ్ళి ఏ ఊళ్ళో జరిగింది? మంచం మీద ఎవరు ఏ వైపు పడుకుంటారు? ఆ చివరి ప్రశ్న అడిగినప్పుడు పక్క బల్ల దగ్గరున్న ఇంకో ఉద్యోగి నవ్వాడు. నేను గొంతు వణక్కుండా జవాబు చెప్పాను. ఆ ఒక్క విషయం నాకు గర్వంగానే ఉంది. మా జవాబులన్నీ కలిశాయి కాబోలు, ఒక్క మాట కూడా మాట్లాడకుండా ముద్రలు వేసి పాస్‌పోర్టులు బల్ల మీదికి విసిరాడు. బయటికొచ్చేసరికి వ్యాను వెళ్ళిపోయింది. మా బ్యాగులు రోడ్డు పక్కన మట్టిలో పడున్నాయి.

అక్కడ ఆయన ఒక్క మాట ఎదురు చెప్పకుండా సార్ సార్ అంటూ నిలబడ్డారని ఆ సాయంత్రమంతా నేను మాట్లాడలేదు. "నేను అరిచుంటే నిన్ను ఆ గదిలోంచి బయటికి పంపేవాడా?" అన్నారు రాత్రి పడుకోబోయే ముందు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు, నా కోపం మాత్రం తగ్గలేదు.

కాబట్టి వెళ్ళే జంటలకి ముందుగా చెప్పేది ఇదే. మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ చేతి బ్యాగులోనే పెట్టుకోండి. ఇంకా తీసుకోకపోతే రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి తీసుకున్నాకే టికెట్లు కొనండి. పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకునేటప్పుడు భార్యాభర్తలిద్దరి పాస్‌పోర్టుల్లోనూ రెండోవాళ్ళ పేరు ఎక్కించండి. మడతలు పడని డాలర్ నోట్లు తీసుకెళ్ళండి. బయల్దేరే ముందు ఇక్కడ ఒక ట్రావెల్ ఏజెంట్ "ల్యాండ్ బార్డర్‌లో ఎవరూ ఏమీ అడగరు మేడమ్" అన్నాడు. ఎయిర్‌పోర్టులో అయితే పక్కన నలుగురు ఉంటారు, పై ఆఫీసర్ ఉంటాడు. ఊరవతల చెక్‌పోస్టులో ఆ గదిలో ఉన్నవాడిదే రాజ్యం. ఆ ఏజెంట్ దగ్గరికి నేను ఎవర్నీ పంపను.

ఇక అసలు విషయం. శనివారం రాత్రి మా ఆయన లాప్‌టాప్ తెరిచి ఎక్సెల్ షీట్ వేశారు. తిండికి పది మార్కులు, ఖర్చుకి పది, మనుషులకి పది, చూసే చోట్లకి పది. నింపుతూ పోతే అన్ని దేశాలకీ ఇంచుమించు ఒకే మొత్తం వచ్చింది. దాంతో ఏమీ తేలదని నాకు ముందే తెలుసు. మనసుకి నచ్చిందేదో మార్కులు కూడితే తెలుస్తుందా?

షీట్ మూసేసి, నన్ను అవమానించిన ఆ దేశాన్ని ముందు లిస్టులోంచే కొట్టేద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మాటలు ఆగిపోయింది అక్కడే. అదే ఊళ్ళో ఆ సాయంత్రం లాడ్జి నడిపే పెద్దావిడ నా మొహం చూసి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా వేడినీళ్ళ ఫ్లాస్కూ, ఒక అత్తం అరటిపళ్ళూ తెచ్చి గది ముందు పెట్టి వెళ్ళింది. "ఆ దేశం వాడొక్కడిదేనా, ఈవిడది కాదా?" అన్నారాయన. నాకు వెంటనే జవాబు తోచలేదు. చాలాసేపటికి ఒక షరతు మీద రాజీ పడ్డాం. ఏ దేశానికైనా సరిహద్దు దగ్గర జరిగింది లెక్కలోకి రాదు, మంచైనా సరే, చెడైనా సరే. కొట్టేద్దామన్న ఆ దేశం కూడా లిస్టులోనే ఉంది, ఎన్నో స్థానంలో ఉందో మాత్రం అడక్కండి.

తర్వాత ఇద్దరం చెరో కాగితం మీద ఒక్క పేరు రాశాం, రేపే మళ్ళీ బయల్దేరమంటే ఎక్కడికి పోతామో. నేను లావోస్ రాశాను. ఆయన వియత్నాం రాశారు.

లావోస్ ఎందుకంటే, హువే సాయ్ నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కి మెకాంగ్ మీద పడవ రెండు రోజులు పోతుంది. రాత్రికి పాక్ బెంగ్ అనే చిన్న ఊళ్ళో ఆపుతారు. పాత కార్ల సీట్లు ఊడదీసి పడవలో వరసగా వేశారు. ఇసుక తిన్నెల దగ్గర పడవ ఆగితే ఆడవాళ్ళు బియ్యం మూటలతో, గంపల్లో కోళ్ళతో ఎక్కేవాళ్ళు. మా పక్కన కూర్చున్నామె వెదురు బుట్ట తెరిచి, జిగురన్నం వేళ్ళతో ముద్ద చేసి నా చేతిలో పెట్టింది. భాష రాదు, ఒకరి పేరొకరికి తెలియదు, అయినా ఆ పూటంతా ఇద్దరం కబుర్లాడుకున్నట్టే ఉంది. ఇదే దేశం మీద 1964 నుంచి 1973 వరకు అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. క్లస్టర్ బాంబుల్లోని చిన్న గుండ్లలో పేలకుండా మట్టిలో మిగిలిపోయినవి కోట్లల్లో ఉన్నాయి. వాటివల్ల ఇప్పటికీ రైతులు, పిల్లలు కాళ్ళూ చేతులూ పోగొట్టుకుంటున్నారు. రాజధాని వియెంటియాన్‌లో అలాంటివాళ్ళకి కృత్రిమ అవయవాలు అమర్చే కోప్ కేంద్రానికి తప్పకుండా వెళ్ళండి, అక్కడ కృత్రిమ కాళ్ళు వరసగా వేలాడదీసి ఉంటాయి. అంత అనుభవించిన మనుషులు పరాయివాళ్ళ చేతిలో అన్నం ముద్ద పెట్టగలుగుతున్నారంటే నేను ఇంకే దేశం పేరు రాస్తాను?

ఆయన వియత్నాం రాయడానికి కారణం రైలు. హనోయ్ నుంచి సైగాన్‌కి 1,726 కిలోమీటర్లు, మేం ఆగుతూ ఆగుతూ వెళ్ళాం. హువే నగరం దాటాక హై వాన్ కనుమ దగ్గర ఒక పక్క కొండ, ఇంకో పక్క నేరుగా సముద్రం. ఆయన కిటికీ వదల్లేదు. దనాంగ్ దగ్గర్లో మై సోన్ గుళ్ళు ఉన్నాయి. చంపా రాజులు కట్టించిన శివాలయాలు, అంతా ఎర్ర ఇటుక. భద్రవర్మ అనే రాజు నాలుగో శతాబ్దంలో అక్కడ భద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. మన పురావస్తు శాఖ వాళ్ళే అక్కడ మరమ్మతు చేస్తూ 2020లో ఏకశిలా శివలింగాన్ని బయటికి తీశారు. శాకాహారం సంగతికొస్తే నాకు వియత్నాంలోనే హాయిగా గడిచింది. అక్కడి బౌద్ధుల్లో చాలామంది పౌర్ణమికీ, వాళ్ళ చాంద్రమాన నెల మొదటి రోజుకీ మాంసం ముట్టరు. "చై" (chay, అంటే శాకాహారం) అని బోర్డున్న హోటల్ వెతుక్కుంటే చాలు. మామూలు హోటల్లో మాత్రం కూరగాయల వంటకమని తెచ్చినదాంట్లోనూ చేపల సాస్ ఉంటుంది, అడిగి తినండి.

రెండో స్థానం ఇద్దరం కంబోడియాకే ఇచ్చాం, అందులో గొడవే లేదు. ఆంగ్కోర్ వాట్ ఒక్కటి చాలు. మూడు రోజుల పాస్ 62 డాలర్లు, ఎక్కువనిపిస్తుంది, అయినా ఒక్క రోజు పాస్ కొని పరుగులు పెట్టకండి. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి అది. తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం దాదాపు 49 మీటర్ల పొడవున చెక్కారు. పడమటి గోడ మీద కురుక్షేత్రం. గైడు ఎవరూ చెప్పకుండానే మా ఆయన అంపశయ్య మీద భీష్ముణ్ణి గుర్తుపట్టి నన్ను కేకేశారు. జనం చేతులు తగిలి తగిలి ఆ రాయి నల్లగా, నున్నగా మెరుస్తోంది. మహాభారతం చదివినవాళ్ళెవరికైనా అక్కడ కళ్ళు చెమర్చాల్సిందే.

థాయ్‌లాండ్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అన్నీ బాగున్నాయి, అన్నీ సులువు, ఏదీ గుర్తుండిపోలేదు.

ఇక మలేసియా. ఇద్దరి కాగితాల మీదా ఆ పేరు లేదు. కానీ నిన్న అత్తయ్య, మావయ్యగార్లని ఎక్కడికైనా తీసుకెళ్దామనే మాట వచ్చేసరికి ఇద్దరి నోటా ఒకేసారి పెనాంగ్ అనే వచ్చింది. అరిటాకు భోజనం దొరుకుతుంది, అమ్మవారి గుళ్ళున్నాయి, రోడ్లు నడవడానికి వీలుగా ఉన్నాయి, అత్తయ్యకి వచ్చిన నాలుగు తమిళం ముక్కలతో లిటిల్ ఇండియాలో బేరం కూడా ఆడొచ్చు. సంక్రాంతి దాటాక వెళ్దామనుకుంటున్నాం. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్‌లో వంటగది ఉన్న బస ఎవరికైనా తెలిస్తే చెప్పండి. మావయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, లిఫ్ట్ మాత్రం తప్పనిసరిగా ఉండాలి.