కెచికాన్‌లో సీజన్ పనికి వచ్చేవాళ్ళకు టోటెం స్తంభం పాఠం

అలాస్కాలోని కెచికాన్‌లో పర్యాటకుల ఓడల సీజన్ ఏప్రిల్ చివర మొదలై అక్టోబరు దాకా సాగుతుంది. అక్కడి నగల షాపుల్లో, గిఫ్ట్ షాపుల్లో కౌంటర్ దగ్గర మన దేశం వాళ్ళూ కనిపిస్తారు. ఓడ దిగినవాళ్ళు మొదట అడిగేది టోటెం స్తంభం, అంటే వంశ చిహ్నాలు చెక్కి నిలబెట్టే పెద్ద మాను గురించే, కాబట్టి నాలుగు ముక్కలు తెలిసి ఉండాలి.

అది దండం పెట్టుకునే దేవుడు కాదు. ఇక్కడి స్థానిక తెగ అయిన క్లింగిట్ వాళ్ళలో రెండు పెద్ద వర్గాలు: కాకోలం ఒకటి, గద్ద లేదా తోడేలు రెండోది. మనకు గోత్రం తండ్రిది, వాళ్ళకు వంశం తల్లిది. పెళ్ళి మాత్రం అవతలి వర్గంలోనే చేసుకోవాలి. స్తంభం మీది చిహ్నాలూ, వాటి కథలూ ఆ వంశం ఆస్తి. అందుకని తోచిన కథ అల్లి చెప్పకండి.

బొమ్మలను గుర్తుపట్టడం తేలికే. ముక్కు తిన్నగా ఉంటే కాకోలం, కొన కిందికి వంగితే గద్ద. ముందు రెండు పెద్ద పళ్ళు, గళ్ళ తోక ఉంటే బీవర్ (చెట్లు కొరికి నీటికి కట్టలు కట్టే జంతువు). వెడల్పు నోట్లో పళ్ళు లేకపోతే కప్ప. పైనున్నది గొప్ప, కిందున్నది తక్కువ అనే లెక్క లేదు. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని సాక్స్‌మన్ అనే పల్లెలో విలియం సీవార్డ్ స్తంభం తప్పకుండా చూడండి. రష్యా నుంచి అమెరికా చేత అలాస్కాను కొనిపించిన ఈ పెద్దమనిషికి 1869లో స్థానికులు విందు పెట్టి కానుకలిస్తే తిరిగి ఏమీ ఇవ్వలేదట. ముక్కు, చెవులు ఎర్రగా చేసి నిలబెట్టారు. బాకీ గుర్తుచేయడానికి ఇంతకంటే మంచి నోటీసు ఉండదు!

చెక్కడానికి వాడేది వెస్టర్న్ రెడ్ సెడార్ అనే చెట్టు. పోగు తిన్నగా, ముడులు తక్కువగా ఉన్న ముదురు మాను కావాలి. బెరడుతో పాటు తెల్ల చెక్కనూ తీసేస్తారు. పుచ్చును తట్టుకునే సహజ రసాయనాలు ఉండేది చేవలోనే. పెద్ద స్తంభాలకు వీపు తొలుస్తారు. బరువు తగ్గుతుంది, ఆరేటప్పుడు ముందువైపు పెద్ద నెర్రెలు పడవు. మధ్యగీత గీసి, సగం బొమ్మకు అచ్చు కత్తిరించి, దాన్నే తిరగేసి రెండో సగం గీస్తారు. మోటు పని బాడిసతో, నగిషీ వంపు కత్తితో. దగ్గరికెళ్తే బాడిస దెబ్బలు వరుసగా పొలుసుల్లా కనిపిస్తాయి. నలుపు, ఎరుపు, నీలి ఆకుపచ్చ రంగులకు పూర్వం సాల్మన్ గుడ్లు నమిలి జిగురుగా కలిపేవారు. ఇప్పుడు ఎక్కువగా డబ్బా రంగులే.

ఏడాదికి మూడున్నర మీటర్లు దాటే వానలో సెడార్ అయినా పుచ్చిపోతుంది. మొదట పోయేది మట్టిని తాకే మొదలు, నీళ్ళు దిగే తల. తలమీద నాచు పట్టి, దాంట్లో మొక్క మొలిస్తే వేళ్ళు చెక్కను చీలుస్తాయి. ఒళ్ళంతా మందంగా పెయింట్ వేస్తే లోపలి తేమ బయటికి రాక పుచ్చు ఇంకా పెరుగుతుంది. అందుకే తలకు లోహపు రేకు తొడిగి, వెనక ఇనుప దూలానికి బోల్టులు బిగించి, మొదలు నేలకు తగలకుండా నిలబెడతారు.

ఇక అమ్మకం సంగతి. చిన్న స్తంభం చేతికిచ్చి 'ఇది స్థానిక తెగవాళ్ళు చెక్కింది' అనే ముందు రుజువు చూసుకోండి. 1990 నాటి అమెరికా చట్టం ప్రకారం అబద్ధం చెప్పి అమ్మితే మొదటి తప్పుకే 2,50,000 డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. ఫిలిప్పీన్స్‌లో చెక్కించిన సరుకును స్థానికులదని అమ్మిన కేసులో కెచికాన్ షాపులవాళ్ళకే శిక్ష పడింది. స్థానిక తెగల కళాకారుల పనికి అలాస్కా రాష్ట్రం ఇచ్చే 'సిల్వర్ హ్యాండ్' ముద్ర ఉందా, చెక్కినవారి పేరు, తెగ రాసి ఉన్నాయా అని చూడండి. అవేవీ లేకపోతే బొమ్మ ధర చెప్పి ఊరుకోండి. యజమాని ఇంకోలా చెప్పమంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.