ఏడో బ్యాచ్: పోయిన నూనె గడ్డిలోనే ఉంది

దొరికింది! ఇంట్లో రాగి బట్టీలో ఆవిరి పట్టి నిమ్మగడ్డి నూనె తీస్తున్నాను. నాలుగు బ్యాచ్‌లుగా మాయమవుతున్న నూనె ఎక్కడికి పోతోందో నిన్న రాత్రి తెలిసింది. ఇన్నాళ్లూ దాన్ని ఆవిరి చల్లబడి నీళ్లు దిగే చివర వెతుకుతున్నాను, అదేమో గడ్డి ఉన్న చివర ఉంది.

నాలుగో బ్యాచ్ నుంచి వరస ఒక్కటే. ఒక రాత్రి నీడలో వాడ్చిన నిమ్మగడ్డి కిలోన్నర, పది లీటర్ల రాగి బట్టీ, జల్లెడ కింద మూడు లీటర్ల నీళ్లు, 1500 వాట్ల హాట్‌ప్లేట్. గడ్డి బరువులో 0.3 శాతం నూనె అనుకున్నా నాలుగున్నర గ్రాములు, అంటే దాదాపు 5 మి.లీ. రావాలి. నాకు వచ్చింది వరుసగా 1.9, 2.1, 1.8. పైగా దిగిన నీళ్లు పాలలా తెల్లగా ఉంటున్నాయి, రోజంతా కదపకుండా ఉంచినా తేటపడటం లేదు. దాంతో నూనె ఆ తెల్లదనంలోనే చిక్కుకుందని గట్టిగా నమ్మేశాను.

ఆ నమ్మకంతో ఐదు, ఆరు బ్యాచ్‌లు రెండూ కండెన్సర్‌కే, అంటే బకెట్ నీళ్లలో మునిగి ఆవిరిని చల్లబరిచే చుట్ట గొట్టానికే పోయాయి. ఐదోదాంట్లో పది లీటర్ల బకెట్లో నీళ్లు మార్చకుండా చూశాను. 700 మి.లీ. దిగేసరికి బకెట్ 24 డిగ్రీల నుంచి 61కి చేరింది. అందులో వింతేమీ లేదు, ఒక లీటరు నీరు ఆవిరి నుంచి మళ్లీ నీరుగా మారేటప్పుడు 2257 కిలోజౌళ్ల దాకా వదులుతుంది, అది పది లీటర్లను 54 డిగ్రీలు పెంచేంత వేడి. గొట్టం చివర చుక్క వేడిగా పడుతోంది, గదంతా నిమ్మవాసన, సరే నూనె గాల్లో కలిసిపోతోందనుకున్నాను. ఆరోదాంట్లో ఐస్ సీసాలు వేసి చుక్కను 20 డిగ్రీల దగ్గర పట్టాను. గదిలో వాసన ఆగింది, కానీ నూనె 1.8కి పడిపోయింది, నీళ్లు ఇంకా చిక్కగా తెల్లబడ్డాయి. చుక్క మరీ చల్లగా ఉంటే నూనె బిందువులు బాగా సన్నగా ఉండిపోయి ఒకదానితో ఒకటి కలవడం లేదని నా ఊహ. ఇప్పుడు 35 దగ్గర ఉంచుతున్నాను, నిమ్మగడ్డికి అదే నయంగా ఉంది.



ఏడోదానికి సెపరేటింగ్ ఫన్నెల్ కొన్నాను, నూనెనీ నీళ్లనీ విడదీయడానికి అడుగున కుళాయి ఉండే గాజు గరాటు. మొదటి చుక్క 28వ నిమిషంలో పడింది. వాట్ల లెక్కన 15 నిమిషాలు చాలు, అంటే హాట్‌ప్లేట్ వేడిలో సగం దాకా గాలికే పోతోంది, అది వేరే గొడవ. ఆ తర్వాత నిమిషానికి 14 మి.లీ. చొప్పున 1.2 లీటర్లు పట్టాను, గంటా ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. నూనె 2.0. ఇక ఆ తెల్ల నీళ్లలోంచి ఒక లీటరు తీసి 100 గ్రాముల ఉప్పు కరిగించి రాత్రి దాకా ఉంచితే పైన ఇంకో 0.3 తేలింది. అంతే.

అక్కడే ఆలోచనలో పడ్డాను. ఉప్పు వేసి పిండినా 0.3 మాత్రమే ఇచ్చిన నీళ్లలో మూడు మిల్లీలీటర్లు ఎలా ఉంటాయి?

అప్పుడు బట్టీ మూత తీశాను. ఇంతకుముందు చల్లారాక ఒక్కసారిగా బోర్లించి పారేయడమే అలవాటు, ఈసారి చేత్తో పొర పొరగా తీశాను. ఆవిరి బయటికి పోయే ముక్కు ఉన్న వైపు గడ్డి పూర్తిగా ఉడికి గోధుమరంగుకు తిరిగింది, లాగితే పీచులా విడిపోతోంది, తడిసిన ఎండుగడ్డి వాసన తప్ప ఇంకేం లేదు. దానికి ఎదురుగా గోడ పక్కన అరచేతి మందాన ఒక దిమ్మ ఉంది. ముదురాకుపచ్చగా, బిగుసుకుపోయి, నీళ్లోడుతూ. ఒక కాడను గోటితో గిల్లగానే నిమ్మవాసన గుప్పుమంది! గంటన్నర ఆవిరి పట్టిన బట్టీలో పచ్చివాసన వచ్చే గడ్డి!

తూచితే 480 గ్రాములు. అప్పటికప్పుడు దాన్ని చిన్న ముక్కలు చేసి, ఖాళీ బట్టీలో వదులుగా పరిచి మళ్లీ హాట్‌ప్లేట్ మీద పెట్టాను. 40 నిమిషాల్లో 1.6 మి.లీ. మొత్తం గడ్డంతా కలిసి ఇచ్చింది 2.0 అయితే, ఈ ఒక్క దిమ్మ ఇచ్చింది 1.6. నూనె కొలిచే ఆ సిలిండర్‌ని దీపం ముందు పట్టుకుని ఎంతసేపు చూశానో!

కారణం జల్లెడ దగ్గరుంది. మూడు కాళ్లలో ఒకటి కాస్త వంగి, ముక్కు వైపు జల్లెడ అంచుకీ గోడకీ మధ్య 8 మి.మీ. సందు ఏర్పడింది. ఆవిరి అంతా ఆ సందులోంచి నేరుగా పైకి పోయి మూతలోకి చేరుతోంది. ఎదురుగా ఉన్న గడ్డికి అందేది అరకొరే, ఆ కాస్తా అక్కడే నీరుగా మారి దిమ్మను ఇంకా బిగించేస్తోంది. ముక్కలు 6 సెం.మీ. పొడవు ఉండటం రెండో తప్పు, కాడలు అడ్డంగా పడి కొన్నిచోట్ల గూళ్లు కట్టాయి, కొన్నిచోట్ల తొక్కేసినట్టున్నాయి. ప్రతిసారీ ఒకే వైపు నిలబడి కుడిచేత్తో కూరడం వల్ల ఆ మూల ఎక్కువ బిగుస్తుందేమో కూడా. నా అంచనాలో ముఖ్యమైంది సందే, ఎందుకంటే గోధుమరంగు గడ్డి సరిగ్గా దాని పైనే ఉంది.

అయినా లెక్క పూర్తిగా తేలలేదు. 2.0, 0.3, 1.6 కలిపితే 3.9. ఇంకో 1.1 ఎక్కడ? కొంత చుట్ట గొట్టం లోపలి గోడకు అంటుకుని ఉండొచ్చు, కొంత బాగా ఉడికిన వైపు కూడా మిగిలి ఉండొచ్చు, లేదా ఈ గడ్డిలో 0.3 శాతమే లేదేమో.

సామాన్ల గురించి రెండు మాటలు. అతుకులకు సిలికాన్ రింగులు వాడమని చాలామంది చెబుతారు, నాకు నచ్చలేదు. నిమ్మగడ్డికి ఆ వాసననిచ్చే సిట్రాల్‌ని పీల్చుకుని తర్వాతి బ్యాచ్‌కి అంటిస్తాయి. పిండి ముద్ద మెత్తితే పది నిమిషాల్లో గట్టిపడుతుంది, అయ్యాక తట్టి తీసేయొచ్చు. టెఫ్లాన్ టేప్ మరలున్న చోట మాత్రం బాగుంది. పైరెక్స్ పది మి.లీ. సిలిండర్ లేకపోతే ఈ 0.3లు, 1.6లు కనిపించేవే కావు, ఈ పనిలో మొదట కొనాల్సింది అదే అంటాను.

ఎనిమిదోదాంట్లో సందు ఒక్కటే మూస్తాను, గడ్డి పాత పొడవులోనే కోస్తాను. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. తొమ్మిదోదానికి 2 సెం.మీ. ముక్కలు. ఆ తర్వాత, దిగిన నీళ్లను మళ్లీ బట్టీలోకే పోసి ఇంకోసారి కాచి చూడాలి. లవంగాలు కూడా మనసులో ఉన్నాయి, వాటి నూనె నీటికన్నా బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ఫన్నెల్లో ముందు అదే వస్తుంది, ఒకసారి చూడాలని ఉంది. వట్టివేరు మాత్రం ఇప్పుడే కాదు, దాని నూనె బరువు ఇంచుమించు నీటంతే, విడదీయడం కష్టం, పైగా గంటల తరబడి ఆవిరి పట్టాలి.

సందులో కూరడానికి పాత నూలు గుడ్డను తాడులా పేనాను. గంజి వాసన పోయేదాకా రెండుసార్లు ఉడకబెట్టాను, ఊడి పైకొచ్చి ముక్కుకి అడ్డం పడకుండా జల్లెడకు రాగి తీగతో కట్టాను. గొట్టం మూసుకుంటే ఆవిరికి బయటికి దారి ఉండదు, అందుకే కట్టు మూడుచోట్ల వేశాను. గడ్డి కోసి నీడలో పరిచాను, రేపు పొద్దున తూస్తాను.