లెట్రోజోల్ డబ్బాలో చీటీ చూసి హడలిపోకండి

బెంగళూరు మారతహళ్లి వైపు మన తెలుగువాళ్లు పిల్లలు పుట్టడానికి లెట్రోజోల్ మొదలెట్టగానే అడిగేది ఇదే: "చీటీ మీద రొమ్ము క్యాన్సర్ అని ఉందేంటండీ?" నిజమే, లెట్రోజోల్ వచ్చింది దానికే. పిల్లలు పుట్టడానికి వాడొద్దని మన దేశంలో 2011లో నిషేధించి, 2017లో ఎత్తేశారు.

మామూలుగా నెలసరి 3వ రోజు నుంచి 7వ రోజు దాకా, రోజుకు 2.5 మిల్లీగ్రాములతో మొదలు. దీంతో ఈస్ట్రోజన్ (ఆడవాళ్ల హార్మోన్) తయారీ తగ్గుతుంది. చాలట్లేదనుకుని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ ఎక్కువ వదులుతుంది, దాంతో ఫాలికిల్ (అండం ఉండే సంచి) పెరుగుతుంది. ఇదే పనికి వాడే ఇంకో మందు క్లోమిఫీన్ దారి వేరు: ఈస్ట్రోజన్ ఉన్నా మెదడుకు తెలియనివ్వదు. ఒంట్లో చాలా రోజులు ఉండిపోతుంది కాబట్టి కొందరికి గర్భాశయం లోపలి పొర పల్చబడుతుంది. క్లోమిఫీన్‌తో చూపు మసకబారితే ఆపేసి వెంటనే డాక్టరుకు చెప్పాలి.

అసలు తేడా వచ్చేది స్కాన్ల దగ్గర. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌కి జడిసి 11వ రోజు స్కాన్ ఎగ్గొడితే ఎన్ని ఫాలికిల్స్ పెరిగాయో ఎవరు చూస్తారు? మూడు నాలుగు పెరిగితే ఆ నెలకు ఆపేయమంటారు, కవలలకు మించి పడే ప్రమాదం మరి. 18-20 మిల్లీమీటర్లకు వచ్చాక అండం విడుదలయ్యేలా హెచ్‌సీజీ హార్మోన్ ఇంజెక్షన్, సుమారు 36 గంటలకు అండం విడుదల. ఇంజెక్షన్ అయ్యి వారం తిరక్కుండానే ఇంట్లో ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తే రెండో గీత రావచ్చు. టెస్ట్ పట్టేదీ హెచ్‌సీజీనే కాబట్టి అది ఇంజెక్షన్ గీత! ఇంజెక్షన్ తర్వాత 14 రోజులైనా ఆగండి.