సబ్‌వూఫర్ కొనే ముందు టేపుతో హాలు కొలవండి

షాపులో గుండెల్లో మోగిన సబ్‌వూఫర్ ఇంటికొచ్చాక ఒకటే ‘బూం’ మోత. ఏ పాట పెట్టినా ఒకే స్వరం. వెంటనే వచ్చే అనుమానం సబ్ నాసిరకమని, ఆ తర్వాత వచ్చే ఆలోచన ఇంకా పెద్దది కొందామని. రెండూ తప్పే. మన ఇళ్లలో గోడలు ఇటుక, సిమెంటు. కింద టైల్స్, పైన స్లాబు. బేస్, అంటే అడుగు స్వరాల శబ్దం, బయటికి పోయే దారే లేదు. నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా అమెరికా ఇళ్లని చూసి రాసినవి. అక్కడ గోడంటే చెక్క ఫ్రేముకి బిగించిన జిప్సం షీటు. బేస్‌కి అది కాస్త ఊగుతుంది, కొంత మింగేస్తుంది, కొంత పక్క గదిలోకి వదిలేస్తుంది. మన గోడ ఆ పని చేయదు, వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. అందుకే మన హాల్లో బేస్ చాలకపోవడం కంటే ఒకచోట పొంగడం, ఇంకోచోట మాయమవడం పెద్ద తలనొప్పి.

ఎక్కడ పొంగుతుందో కొనకముందే లెక్క వేసుకోవచ్చు. గది కొలత అడుగుల్లో తీసుకుని 565ని దానితో భాగించండి. వచ్చిన అంకె హెర్ట్జ్ (సెకనుకి ఎన్ని కంపనాలో చెప్పే కొలత) దగ్గర, దాని రెట్టింపు, మూడింతల దగ్గర ఆ గది మోగుతుంది. పొడవు 20 అడుగులు, వెడల్పు 12, ఎత్తు 10 ఉన్న హాలు తీసుకుందాం. పొడవు వల్ల 28 హెర్ట్జ్, 56 హెర్ట్జ్. వెడల్పు వల్ల 47. ఎత్తు వల్ల మళ్లీ 56. అంటే పొడవు, ఎత్తు రెండూ కలిసి 56 దగ్గరే గుద్దుతున్నాయి. ఆ ‘బూం’ పుట్టిల్లు అదే. పొడవు సరిగ్గా ఎత్తుకి రెట్టింపు ఉన్న గదికి ఈ శిక్ష తప్పదు, సబ్ ఎంత ఖరీదైనదైనా సరే.

ఇప్పుడు సోఫా సంగతి. మన హాళ్లలో సోఫా వెనక గోడకి ఆనించే ఉంటుంది. గోడ దగ్గర ఈ మోతలన్నీ గరిష్ఠంగా ఉంటాయి. పై హాల్లోనే సోఫాని గోడ నుంచి చెవి మూడడుగుల దూరంలో ఉండేలా ముందుకు జరిపితే పొడవు వల్ల వచ్చే 56 హెర్ట్జ్ మోత లెక్క ప్రకారం 4 నుంచి 5 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తగ్గుతుంది. ఐదడుగులు జరిపితే ఆ పొడవు మోత దాదాపు వినపడదు. అలాగని హాలు నట్టనడుమ, పదడుగుల దగ్గర కూర్చోకండి. అక్కడ 28 హెర్ట్జ్ మాయమవుతుంది, సినిమాలో పేలుడు కింద ఉండే ఊపు పోతుంది. సోఫా జరపడానికి ఇంట్లో ఒప్పుకోరంటారా, కనీసం అడుగున్నర అడగండి. పైసా ఖర్చు లేని మార్పు ఇది.

ఇక కొనడం. ముందు డబ్బా వెనక్కి తిప్పి కరెంటు వైరు ఉందో లేదో చూడండి. ఉంటే యాక్టివ్ సబ్, ఆంప్లిఫయర్ లోపలే ఉంటుంది, ఏ ఏవీ రిసీవర్‌కైనా (టీవీనీ స్పీకర్లనీ కలిపి నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) కలుపుకోవచ్చు. పాత హోమ్ థియేటర్ సెట్టులో వచ్చిన సబ్‌లలో చాలావాటికి ఆ వైరు ఉండదు, మెయిన్ యూనిట్ నుంచే పవర్ వస్తుంది. దాన్ని కొత్త రిసీవర్ సబ్ అవుట్‌కి కలిపితే శబ్దం రాదు.

పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ పేరుతో రాసే అంకె) వాట్లు రాసి ఉంటే ఆ అంకె చదవడం మానేయండి. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగల పవర్. ‘20–200 హెర్ట్జ్’ అని రాసి పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ అని లేకపోతే అది కూడా ఉత్తుత్తి మాటే. పదో పదిహేనో డీబీలు పడిపోయాక వినిపించే శబ్దాన్ని కూడా లెక్కలో వేసుకుంటారు. వాట్ల మోజు కూడా తగ్గించుకోండి, పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డీబీలే.

అంతా మూసి ఉన్న సీల్డ్ బాక్సా, గాలి గొట్టం లాంటి పోర్ట్ ఉన్నదా అన్నది గదిని బట్టి. పోర్ట్ ఉన్నది దాని ట్యూనింగ్ ఫ్రీక్వెన్సీ దాకా గట్టిగా పలుకుతుంది, అక్కడి నుంచి ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ చొప్పున జారిపోతుంది. సీల్డ్ ముందే తగ్గడం మొదలుపెట్టినా ఆక్టేవ్‌కి 12 డీబీ చొప్పున నెమ్మదిగా దిగుతుంది. తలుపు మూసుకునే 11 బై 12 బెడ్‌రూమ్‌ని సినిమా గది చేసుకుంటే 47 హెర్ట్జ్ కింద ఆ గదే శబ్దాన్ని పైకి లేపుతుంది. సీల్డ్ దిగే వాలు, గది లేపే వాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. అక్కడ పది అంగుళాల సీల్డ్ చాలు. డైనింగ్, వంటగది కలిసిపోయిన పెద్ద హాలైతే పన్నెండు అంగుళాల పోర్టెడ్, 200–300 వాట్ల ఆర్‌ఎంఎస్ నా ఎంపిక. పోర్ట్ గొట్టంలోకి బల్లులు, బొద్దింకలు దూరే ఇళ్లు మనవి. ఊరెళ్లేటప్పుడు ఒక గుడ్డ కుక్కి వెళ్లండి, వచ్చాక తీయడం మరిచిపోకండి.

చోటు వెతకడానికి తెలివైన పద్ధతి ఒకటుంది. సబ్‌ని మీరు కూర్చునే చోట, సోఫా మీదే పెట్టండి. పదిహేను ఇరవై కిలోలుంటుంది, ఇద్దరు పట్టండి. బేస్ గిటార్ మెట్లు మెట్లుగా నడిచే పాట గానీ, 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పెరిగే టోన్ గానీ పెట్టండి. ఇప్పుడు సబ్ పెట్టడానికి వీలున్న చోట్లన్నిటికీ వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని వినండి. ప్రతి స్వరం సమానంగా వినపడే చోటే సబ్ చోటు. గట్టిగా వినపడే చోటు కాదు, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గట్టిగా వినపడేది మూల. మూల అన్ని మోతల్నీ ఒకేసారి లేపుతుంది. చెక్క ఇళ్లకి మూల మంచి సలహా కావచ్చు, మన ఇటుక గదుల్లో అది చివరి గత్యంతరం. టీవీ గోడకి సరిగ్గా మధ్యలో పెడితే వెడల్పు వల్ల వచ్చే 47 మోత లేవదు. పొడవు గోడ వెంబడి ముందు నుంచి ఐదడుగుల దగ్గర పెడితే పొడవు వల్ల వచ్చే 56 లేవదు. మొదట ఈ రెండు చోట్లూ చూడండి.

నాలుగు సీట్లలోనూ ఒకేలా వినపడాలంటే ఒక పెద్ద సబ్ కంటే రెండు చిన్నవి మేలు. హర్మాన్ సంస్థ పరిశోధకుడు టాడ్ వెల్టీ 2002లో లెక్కలు కట్టి చూపించింది ఇదే: ఎదురెదురు గోడల మధ్య బిందువుల్లో రెండు సబ్‌లు పెడితే సీటుకీ సీటుకీ తేడా బాగా తగ్గుతుంది. రెండూ ఒకే మోడల్ అయితే తలనొప్పి తక్కువ.

కనెక్షన్ ఐదు నిమిషాల పని. రిసీవర్ సబ్ అవుట్ నుంచి షీల్డ్ ఉన్న ఒక ఆర్‌సీఏ కేబుల్, సబ్ మీద ఎల్ఎఫ్ఈ (సినిమాల్లో అడుగు బేస్‌కి వేరుగా ఉండే చానల్) అని రాసిన సాకెట్‌కి. సబ్ మీదున్న క్రాసోవర్ నాబ్‌ని (ఎన్ని హెర్ట్జ్ కింద శబ్దం సబ్ పలకాలో చెప్పేది) చివరికంటా పైకి తిప్పేయండి లేదా ఎల్ఎఫ్ఈ స్విచ్‌కి మార్చండి. రిసీవర్ ఒకసారి 80 దగ్గర కోసి, సబ్ మళ్లీ 60 దగ్గర కోస్తే మధ్యలో గొయ్యి పడుతుంది. ఫేజ్ (సబ్ అల, స్పీకర్ల అల జత కలిసేలా చూసేది) సున్నా, వాల్యూమ్ నాబ్ సగం, ఆటో/ఆన్ స్విచ్ ‘ఆన్’ వైపు. ఆటోలో వదిలేస్తే రాత్రి చిన్న సౌండుతో చూసేటప్పుడు సబ్ నిద్రపోతుంది, మీరు కేబుల్ పోయిందనుకుంటారు.

రిసీవర్ మెనూలో అన్ని స్పీకర్లూ ‘స్మాల్’ (అడుగు బేస్ సబ్‌కి పంపమని అర్థం), టవర్లు కూడా. క్రాసోవర్ మామూలు బుక్‌షెల్ఫ్ స్పీకర్లకి 80 హెర్ట్జ్. అరచేతంత శాటిలైట్ స్పీకర్లకి 120, ఒక్కోసారి 150 పెట్టక తప్పదు. 80 కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవికి అంత తేలిగ్గా దొరకదు. 120కి వెళ్తే దొరికిపోతుంది, మగగొంతు సబ్ ఉన్న మూల నుంచి వస్తున్నట్టుంటుంది. అప్పుడు సబ్ టీవీ పక్కనే ఉండాలి. ‘ఎల్ఎఫ్ఈ ప్లస్ మెయిన్’, ‘డబుల్ బేస్’ లాంటివి ఉంటే ఆపేయండి, అవి ఒకే బేస్‌ని రెండు చోట్ల నుంచి వాయిస్తాయి.

రిసీవర్‌లో గదిని కొలిచి తనే సర్దుకునే ఆడిస్సీ, వైపావో, డైరాక్ ఏదున్నా మైకుతో కొలత తీసేముందు ఫ్యాన్, ఏసీ ఆపండి. మైకుని చేత్తో పట్టుకోవద్దు, సోఫా దిండు మీద పెట్టొద్దు. కెమెరా ట్రైపాడ్ మీద చెవి ఎత్తులో నిలబెట్టండి. అయ్యాక మూడు చూడాలి. సబ్ లెవెల్ మైనస్ 12 అని ఆగిపోతే రిసీవర్ ఇంక తగ్గించలేకపోయిందని అర్థం, సబ్ నాబ్ తగ్గించి మళ్లీ కొలవండి. స్పీకర్లని ‘లార్జ్’ చేసి ఉంటే స్మాల్‌కి మార్చండి. సబ్ దూరం టేపు చూపించిన దానికంటే నాలుగైదు అడుగులు ఎక్కువ చూపిస్తే మాత్రం వేలు పెట్టకండి. సబ్ లోపలి ఫిల్టర్ల వల్ల శబ్దం ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా లెక్కేసింది.

ఫేజ్ సరిచూడటానికి 80 హెర్ట్జ్ టోన్‌ని ముందు స్పీకర్లు, సబ్ కలిసి వాయించేలా పెట్టి, ఒకరు నాబ్ తిప్పుతుంటే ఇంకొకరు సీట్లో వినాలి. ఎక్కువ గట్టిగా వినపడిన చోట ఆపండి. నాబ్ లేకుండా స్విచ్చే ఉంటే రిసీవర్‌లో సబ్ దూరాన్ని అడుగు చొప్పున మార్చి చూడండి. 80 హెర్ట్జ్ అల సగం ఏడడుగులు కాబట్టి ఏడడుగుల మార్పు స్విచ్ తిప్పినదానితో సమానం.

ఓపికుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, యూఎస్‌బీ కొలత మైకు తెచ్చుకోండి. ఫోన్ యాప్ అడుగు బేస్‌ని తక్కువ చేసి చూపిస్తుంది, దాన్ని నమ్మి సబ్ పెంచితే మళ్లీ మొదటికే వస్తారు. గ్రాఫులో గుట్టల్ని ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచే, తగ్గించే ఈక్వలైజర్) కొట్టేయవచ్చు. గుంతల్ని పూడ్చలేరు. ఎదురుగోడ నుంచి తిరిగొచ్చిన అల రద్దు చేస్తున్న చోట మీరు 6 డీబీ పెంచితే ఆంప్లిఫయర్ నాలుగింతల పవర్ ఖర్చు పెడుతుంది, రద్దయ్యేదీ అంతే పెరుగుతుంది. గుంతకి మందు సబ్ జరపడమే. గోడలకి అంటించే ఫోమ్ కూడా ఇక్కడ పనికిరాదు. 40 హెర్ట్జ్ అల పొడవు 28 అడుగులు, రెండంగుళాల ఫోమ్ దానికి అడ్డే కాదు.

స్టీరియో ఆంప్లిఫయర్‌కి సబ్ అవుట్ లేకపోతే స్పీకర్ టెర్మినల్స్ నుంచే సబ్ హై లెవెల్ ఇన్‌పుట్‌కి వైర్లు లాగవచ్చు, ఆంప్లిఫయర్ మీద భారం పడదు. బ్రిడ్జ్‌డ్ క్లాస్ డి ఆంప్లిఫయర్లలో నెగటివ్ టెర్మినల్ గ్రౌండ్ కాదు కాబట్టి వాటికి మాన్యువల్ చూడకుండా వైరు పెట్టొద్దు. ఇక్కడ మాత్రం సబ్ క్రాసోవర్ నాబే వాడాలి, 50–60 దగ్గర మొదలుపెట్టండి.

‘మ్‌మ్’ అని సన్నగా మూలుగుతుంటే ఆర్‌సీఏ కేబుల్ పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ లూప్, అంటే రెండు దారుల్లో ఎర్తు తగిలి వచ్చే మూలుగు. తర్వాత సెట్‌టాప్ బాక్సు కేబుల్ వైరు విప్పండి; చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు, కోయాక్స్ ఐసొలేటర్ పెడితే సరిపోతుంది. సబ్‌నీ రిసీవర్‌నీ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. ప్లగ్గులో ఎర్తు కోసం ఉన్న మూడో పిన్ను విరగ్గొట్టి మూలుగు ఆపే ఎలక్ట్రీషియన్లున్నారు, ఆ పని చేయనివ్వకండి. లోపల షార్టయితే సబ్ వెనక ప్లేటు ముట్టుకున్నవాళ్లకి షాకు.

గది తనంతట తాను చేసే గోల వేరు. 20 నుంచి 120 దాకా టోన్ నెమ్మదిగా నడిపిస్తూ హాలంతా తిరగండి. షోకేసు గాజు తలుపులు, అల్యూమినియం కిటికీ రెక్కలు, బీరువా హ్యాండిల్, పీఓపీ సీలింగ్‌లో వదులుగా ఉన్న లైటు, ఒక్కోటి ఒక్కో అంకె దగ్గర బయటపడుతుంది. ఫెల్ట్ ముక్క, రబ్బరు బుడిపె చాలు. కింది ఫ్లాటు వాళ్ల ఫిర్యాదుకి సబ్ కింద పెట్టే రబ్బరు ప్యాడ్ కొంతే ఉపయోగం. స్లాబుని నేరుగా తాకే అదురు తగ్గుతుంది గానీ గాల్లోంచి స్లాబుని ఊపే బేస్ తగ్గదు. రాత్రి పదయ్యాక సబ్ లెవెల్ 5, 6 డీబీలు దించడానికి రిసీవర్‌లోనే సర్దుకోండి, సబ్ నాబ్ కదిపితే కొలతలన్నీ పోతాయి.

అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు ప్లగ్గు పెట్టే ముందు వెనక రాసిన వోల్టేజి చదవండి. 100–240 అని ఉంటే అడాప్టర్ చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230కి ఫ్యూజు కాలుతుంది, ఒక్కోసారి ఆంప్లిఫయర్ ప్లేటే పోతుంది. దానికి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, సబ్ మీద రాసిన వాట్లకి కనీసం ఒకటిన్నర రెట్లది, అదీ నిజమైన ట్రాన్స్‌ఫార్మర్. హెయిర్ డ్రయ్యర్ల కోసం అమ్మే తేలికపాటి కన్వర్టర్ పెట్టకండి.