డీఎల్ఎస్ యంత్రం ముందు రెండు గంటలు: నా అనుభవం

పీహెచ్‌డీ మూడో ఏడాదిలో నేను శుద్ధి చేసిన ప్రోటీను స్ఫటికాలకు పెట్టే దశకు వచ్చింది. దానికి ముందు అది ద్రావణంలో విడివిడి అణువులుగా ఉందో, ముద్ద కట్టిందో తేల్చుకుని రమ్మని మా గైడ్ చెప్పారు. ప్రోటీన్లను బరువును బట్టి విడదీసి చూపే జెల్ మీద ఒకే ఒక పట్టీ పడింది గానీ, జెల్‌లో వాడే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంటు ముద్దలను కూడా విడదీసేస్తుంది కాబట్టి ఆ సాక్ష్యం ఇక్కడ చెల్లదు. అందుకని హైదరాబాదులో మా సంస్థ కేంద్ర పరికరాల విభాగంలో డైనమిక్ లైట్ స్కాటరింగ్ యంత్రానికి స్లాట్ రాయించుకున్నాను. పన్నెండు రోజుల తర్వాత నా వంతుకు రెండు గంటలు దొరికాయి.

ఈ యంత్రం కణాన్ని చూసి కొలిచేది కాదు. 633 నానోమీటర్ల ఎర్రని లేజర్‌ను ద్రావణంలోకి పంపి, కణాల మీద పడి చెదిరిన కాంతి ఎంత వేగంగా మిణుకుమంటోందో గమనిస్తుంది. నీటి అణువుల తాకిడికి చిన్న కణాలు చురుగ్గా, పెద్దవి నింపాదిగా కదులుతాయి కనుక, ఆ మిణుకు నుంచి కదలిక వేగాన్ని, దాని నుంచి స్టోక్స్–ఐన్‌స్టీన్ సమీకరణం ద్వారా వ్యాసాన్ని లెక్కగడుతుంది. ఆ సమీకరణంలో ఉష్ణోగ్రతతో పాటు ద్రవం స్నిగ్ధత, అంటే చిక్కదనం, కూడా ఉంటుంది. ఉష్ణోగ్రతను యంత్రమే చూసుకుంటుంది, స్నిగ్ధత విషయంలో మాత్రం మనం ఏది చెబితే అదే నమ్ముతుంది. ఈ సంగతి నేను పరీక్షల కోసం చదివినదే, అయినా ఆ రోజు గుర్తుకు రాలేదు.

మొదటి కొలతలో గ్రాఫు మీద రెండు గుట్టలు లేచాయి. ఒకటి 10 నానోమీటర్ల లోపు, రెండోది 1000 దాటి. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా అన్నది చెప్పే పీడీఐ 0.6 వచ్చింది, అది 0.1 లోపు ఉంటే ప్రోటీను ఒకే రకంగా ఉన్నట్టు. చెదిరిన కాంతి లెక్కలో ఉన్న ఆ ఫలితాన్ని ఘనపరిమాణం లెక్కలోకి మారిస్తే ఆ పెద్ద గుట్ట దాదాపు మాయమైంది, ఆ గ్రాఫు ఒక్కటే గైడ్‌కు చూపిద్దామన్న ఆశ నాకు కలగకపోలేదు. యంత్రం చూసుకునే మేడమ్ తెర వైపు కూడా తిరగకుండా ద్రావణం పోసిన చిన్న పారదర్శక పాత్రను (క్యూవెట్) తీసి దీపానికి ఎదురుగా పట్టుకున్నారు.

"బఫర్ వడకట్టావా అమ్మా?"

"ప్రోటీన్‌ను సెంట్రిఫ్యూజ్ చేశాను మేడమ్."

"నేనడిగింది బఫర్ సంగతి."

ప్రోటీను లేకుండా, దాన్ని కరిగించి ఉంచే ద్రావణమైన ఉత్త బఫర్‌నే పెట్టించారు. అదే పెద్ద గుట్ట మళ్లీ వచ్చింది. అంటే అంతసేపూ నేను కొలిచింది సీసాలోని దుమ్మును. ఇంత చిన్న కణాల నుంచి చెదిరే కాంతి వాటి వ్యాసం ఆరో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి, 100 నానోమీటర్ల ముద్ద ఒక్కటి 7 నానోమీటర్ల అణువు కంటే సుమారు 85 లక్షల రెట్లు ఎక్కువ వెలుగు చెదరగొడుతుంది. అలాంటివి నాలుగైదు చాలు, ప్రోటీను గొంతు వినబడకుండా పోవడానికి.

తర్వాత ముప్పావు గంట శుభ్రతకే పోయింది. బఫర్‌ను 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా పంపి, మొదటి కొన్ని చుక్కలను పారబోశాను, ఎందుకంటే కొత్త ఫిల్టర్ తానే కొంత నలుసును వదులుతుంది. ప్రోటీనును సెంట్రిఫ్యూజ్ యంత్రంలో మళ్లీ వేగంగా తిప్పి, అడుగు కదలకుండా పైభాగం మాత్రమే తీశాను. క్వార్ట్జ్ క్యూవెట్‌ను టిష్యూతో తుడవబోతే మేడమ్ చెయ్యి పట్టుకుని ఆపారు, దాని పీచే దుమ్మవుతుందట. వడకట్టిన నీటితో కడిగి, గోడల మీద వేలిముద్ర పడకుండా మూలలు పట్టుకుని, బుడగ రాకుండా పైపెట్‌ను వాలుగా పెట్టి నెమ్మదిగా నింపాను.

ఈసారి ఒకే గుట్ట వచ్చింది, 8.6 నానోమీటర్లు, పీడీఐ 0.08. నేను సంబరపడ్డాను. నా ప్రోటీను అణువు బరువు 52 కిలోడాల్టన్లు (అణువుల బరువుకు వాడే కొలత), ఆ బరువుకు ఈ వ్యాసం ఎక్కువే గనుక అణువులు జంటలుగా ఉన్నాయని అప్పటికే నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మేడమ్ మాత్రం ఆవు రక్తం నుంచి తీసే ప్రోటీనైన బోవైన్ సీరమ్ ఆల్బుమిన్‌ను నా బఫర్‌లోనే కలిపి పెట్టమన్నారు. దాని వ్యాసం దాదాపు 7 నానోమీటర్లని అందరికీ తెలిసిందే, యంత్రం మాత్రం 9.4 చూపించింది. అప్పుడు వెలిగింది నాకు: బఫర్‌లో పది శాతం గ్లిసరాల్ అనే చిక్కటి ద్రవం ఉంది, మెనూలో నేను ఎంచుకున్నది నీరు. ఆ గ్లిసరాల్ వల్ల స్నిగ్ధత నీటి కంటే సుమారు మూడో వంతు పెరుగుతుంది, దానితో పాటే కణం కూడా అంత మేరా లావెక్కినట్టు లెక్క వస్తుంది. సరైన విలువ ఇస్తే ఆల్బుమిన్ 7 దగ్గరకు దిగింది, నా ప్రోటీను 6.4కు. జంట అన్న మాటను కొట్టేసి పక్కన తేదీ వేశాను.

మిగిలిన పావుగంటలో, మైనస్ 80 డిగ్రీల ఫ్రిజ్‌లో గడ్డకట్టించి కరిగించిన అదే ప్రోటీను పాత గొట్టాన్ని కూడా పెట్టి చూశాను. వడకట్టిన బఫరే, కడిగిన క్యూవెట్టే, అయినా 100 నానోమీటర్ల దగ్గర గుట్ట లేచింది. దీన్ని దుమ్ము మీదకు నెట్టడానికి వీల్లేదు, ప్రోటీనే ముద్ద కట్టింది. లాగ్‌బుక్‌లో రెండు ఫలితాలూ రాసి సంతకం పెట్టి, గడ్డకట్టించని భాగంతో ఆ సాయంత్రమే స్ఫటికాల ప్లేట్లు పెట్టాను.