పక్కింటోళ్ళకీ మనకీ మధ్య రిటైనింగ్ వాల్, బాధ్యత ఎవరిది?

హద్దు మీద రిటైనింగ్ వాల్, అంటే ఎత్తు నేల మట్టి కింది నేల వైపు జారకుండా ఆపే గోడ, ఉబ్బినా పగిలినా మొదట వచ్చే మాట "గోడ ఎవరి వైపు ఉంది" అని, కానీ నన్నడిగితే అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది అసలు నేల లెవెల్ మార్చింది ఎవరు అని. పైవాళ్ళు మట్టి పోసి ఎత్తు చేసుకుంటే ఆ మట్టిని ఆపే బాధ్యత వాళ్ళది, కిందవాళ్ళు తవ్వి చదును చేసుకుంటే పై నేల జారకుండా చూడాల్సింది కిందవాళ్ళు, చాలా చోట్ల చట్టం కూడా దాదాపు ఇదే దారిలో పోతుంది. పాత ఓనర్లు ఎప్పుడో చేసేసి వెళ్ళిపోయుంటే మాత్రం దస్తావేజులు, పాత ప్లాన్లు తీయాల్సిందే, సర్వేయర్‌తో హద్దు కొలిపించాల్సిందే.

ఇంకోటి, ఈ గోడల్ని చాలాసార్లు పడగొట్టేది నీళ్ళు. వెనక మట్టి నానితే బరువెక్కుతుంది, పైగా నీళ్ళ ఒత్తిడి లోతుతో పాటు పెరుగుతూ పోయి గోడని అడుగున గట్టిగా తోస్తుంది, అందుకే గోడలో వీప్ హోల్స్, అంటే నీళ్ళు బయటికి పోయే చిన్న కన్నాలు, వదిలి వెనక కంకర నింపుతారు. ఆ కన్నాల్లోంచి నీళ్ళు కారుతున్నాయని కిందాయన సిమెంట్‌తో మూసేశాడనుకోండి, లేదా పైవాళ్ళు గోడ అంచునే కారు పెట్టి, ట్యాంక్ కట్టి, డాబా మీద నీళ్ళన్నీ అటే వదిలారనుకోండి, ఇంక రిపేరు ఖర్చు చెరి సగం అంటే ఎవరొప్పుకుంటారు చెప్పండి!

అందుకే డబ్బుల మాట ఎత్తకముందే ఇద్దరూ కలిసి ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి, ఆ ఫీజు మాత్రం చెరి సగం, రిపోర్ట్ ఇద్దరికీ. తర్వాత ఒప్పుకున్నది కాగితం మీద పెట్టండి, కన్నాలు ఎవరు శుభ్రం చేయాలో కూడా అందులోనే, రేపు ఎవరైనా ఇల్లు అమ్మినా కొనేవాళ్ళకి చూపించొచ్చు.