మిగిలింది వెచ్చబెట్టడం: నా ఆరు వారాల నోటుపుస్తకం

1వ వారం

ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం, కూర ఒకే గిన్నెలో వేసి మైక్రోవేవ్‌లో 3 నిమిషాలు పెట్టాను. మొదటి ముద్దకి నాలుక కాలింది, రెండో ముద్దకి పళ్లు జివ్వుమన్నాయి. ఏళ్ల తరబడి ఇలాగే తింటున్నాను, కానీ ఆ రోజెందుకో చిరాకేసింది. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొని, మర్నాడు అదే కొలతతో, అదే గిన్నెతో మళ్లీ పెట్టాను. అంచు దగ్గర 84 డిగ్రీలు, నడుమ 33. పైన మాత్రం పొగలు ధీమాగా లేస్తున్నాయి. పొగలు చూసి వేడెక్కిందనుకోవడం ఆ రోజుతో మానేశాను.

మైక్రోవేవ్ తరంగాలు తిండిలోకి మహా అయితే రెండు మూడు సెంటీమీటర్లు చొరబడతాయి. అక్కణ్నుంచి లోపలికి వేడి మామూలుగానే, నెమ్మదిగా పాకాలి. అందుకని ఈసారి లోతు గిన్నె వదిలేసి పళ్లెంలో పల్చగా పరిచాను. నడుమ గుంట చేసి గారెలా పెట్టాను. సగం సమయానికి తీసి కలిపి, చివర్లో మూత తీయకుండా 2 నిమిషాలు వదిలేశాను. అంచు 77, లోపలి వైపు 75. మిగిలిపోయిన వంటకాలకు అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కనీస హద్దు 74, కాబట్టి గట్టెక్కినట్టే. ఆ చివరి 2 నిమిషాలే నాకు ఇన్నాళ్లూ ఓపిక లేనివి.

2వ వారం

తిరిగే పళ్లెం తీసేసి, దాని చోట కదలని పళ్లెంలో చాక్లెట్ బార్ పెట్టి అర నిమిషం నడిపాను. ఒకచోట కరిగి మెరుస్తోంది, పక్కన గట్టిగానే ఉంది, మళ్లీ కాస్త దూరంలో కరిగింది. కరిగిన రెండు చోట్ల మధ్య స్కేలు పెడితే సుమారు 6 సెంటీమీటర్లు. ఈ పెట్టెలు వాడే 2.45 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు, అందులో సగమన్నమాట. 1945లో పెర్సీ స్పెన్సర్ రాడార్ పరికరం దగ్గర నిలబడితే జేబులోని చాక్లెట్ కరిగిందని, అలా ఈ పెట్టె పుట్టిందని చెబుతారు. ఆయనకి అనుకోకుండా కరిగింది, నేను పనిగట్టుకుని కరిగించాను. రుజువంతా తినేశాను.

50 శాతం పవర్ అంటే సగం బలంతో నడుస్తుందనుకునేవాణ్ని. చెవి ఆనిస్తే తెలిసింది: నా పెట్టెలో అది కాసేపు పూర్తి బలంతో గుర్రుమంటుంది, కాసేపు ఊరుకుంటుంది. ఆ ఊరుకున్నప్పుడే వేడి లోపలికి పాకుతుంది. మాంసం ముక్కలకి ఇప్పుడు సగం పవర్, రెట్టింపు సమయం. అంచులు తోలులా సాగడం తగ్గింది.

అన్నం మీద ఎక్కువ రోజులే పట్టింది. ఫ్రిజ్ చలికి అన్నంలోని పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది, పలుకు గట్టిపడేది అందుకే. తడి చేత్తో ముద్దలు విడదీసి, కప్పు అన్నానికి ఒక పెద్ద చెంచా నీళ్లు చల్లి, మూత పెట్టి నిమిషంన్నర. మూత లేకుండా పెట్టిన రోజు పైపొర బియ్యంలా పటపటలాడింది.

3వ వారం

మైక్రోవేవ్ చచ్చింది. ఎటూ మాట్లాడదు, లైటు మాత్రం వెలుగుతుంది. మొదట విసుక్కున్నాను కానీ, నోటుపుస్తకంలో పనికొచ్చే పేజీలన్నీ ఈ వారంలోవే.

కూర మొదటి రోజే అడుగంటింది. చిక్కగా ఉన్నదాన్ని అలాగే పెద్ద మంట మీద పెడితే అంతే మరి. ఇప్పుడు ముందే రెండు చెంచాల నీళ్లు పోసి, సన్న సెగ, మూత, అడుగు నుంచి గరిటె తిప్పడం. అన్నం చిల్లుల గిన్నెలో వేసి, మరిగే నీళ్ల పైన 7 నిమిషాలు. ఉన్నమాట చెప్పాలంటే మైక్రోవేవ్ కంటే ఇదే బాగుంది, అప్పుడే వార్చినట్టు విడివిడిగా వచ్చింది.

పిజ్జా ముక్క రెండుసార్లు పాడైంది: కింద బొగ్గు, పైన చీజ్ చల్లగా. మూడోసారి చల్లటి పెనం మీదే ముక్క పెట్టి, మధ్యస్థం కన్నా తక్కువ మంట మీద 4 నిమిషాలు ఉంచాను. అడుగు గట్టిపడి గరిటె తగిలితే టకటకమంది. అప్పుడు ముక్క మీద పడకుండా పెనం అంచున నాలుగు చుక్కల నీళ్లు విదిలించి వెంటనే గాజు మూత పెట్టాను. చుయ్‌మని ఆవిరి లేచి మూత మసకబారింది. నిమిషం తర్వాత మూత తీస్తే చీజ్ మెరుస్తూ అంచుల వైపు జారుతోంది.

వేపుడు సరుకు దీనికి పూర్తిగా ఎదురు. దానికి మూతే శత్రువు. మైక్రోవేవ్‌లో లోపలి తడి ఆవిరై పైపొరకు చేరుతుంది, చుట్టూ గాలి చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడే నిలిచి మెత్తబరుస్తుంది. పెనం మీద నూనె వేయకుండా, సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే చాలు. ఓవెన్ ఉన్నవాళ్లయితే 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. ఏది వెచ్చబెట్టాలన్నా దీనికి నీళ్లు చేర్చాలా, ఉన్న నీళ్లు పోగొట్టాలా అని ముందు నన్ను నేనే అడుగుతున్నాను. మంట సంగతి ఆ తర్వాతే.

4వ వారం

ఒక రాత్రి అన్నం పొయ్యి మీదే మరిచిపోయాను. పొద్దున్న బాగా వేడి చేసి తినేద్దామనిపించింది. కానీ బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, బయట వదిలేసిన అన్నంలో మొలకెత్తుతాయి. అది వదిలే వాంతుల విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా చెక్కుచెదరదు. పారేశాను. ఇప్పుడు వండిన 2 గంటల్లోపు లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లోకి, మూడు నాలుగు రోజుల్లోపు పొట్టలోకి. తినేంతే తీసి, ఒక్కసారే వెచ్చబెడతాను.

6వ వారం

పెట్టె బాగై వచ్చింది. తిరిగొచ్చిన ఆనందంలో ఉడికిన గుడ్డు పెంకుతో సహా పెట్టాను, పేలింది. తుడవడానికి అరగంట.

ఆమ్లెట్ మాత్రం ఇంకా లొంగలేదు. 30 శాతం పవర్, తడిగుడ్డ, మూత పెట్టిన పెనం, అన్నీ అయ్యాయి, అన్నిసార్లూ రబ్బరే. ప్రస్తుతానికి మిగలకుండా వేస్తున్నాను.